ఫిజీ చెరకు తోటల్లో మనూళ్ల పేర్లు

నీలం రంగు ఎన్ని రకాలుగా ఉంటుందో తెలియాలంటే ఫిజీ సముద్రాన్ని చూడాలి. ఒడ్డున గాజులా తేటగా, కాస్త లోపలికి వెళ్తే నెమలి మెడలా, పగడపు దిబ్బలు దాటాక చిక్కటి సిరాలా... విమానం కిటికీలోంచి చూస్తేనే తేడా తెలిసిపోతుంది. దిగగానే 'బూలా!' అంటూ పలకరింపు. చెవి మీద మందారం, మొహం నిండా నవ్వు. పసిఫిక్ మహాసముద్రం నడుమ చెదిరిపడిన 330కి పైగా దీవుల దేశమిది. మనకంటే ఆరున్నర గంటలు ముందుంటుంది. మన ఇళ్లల్లో పొద్దున కాఫీ కలిపేసరికి అక్కడ మధ్యాహ్నం భోజనాలైపోతాయి.

విమానాశ్రయం ఉన్న ఊరి పేరు 'నాడి' అని రాస్తారు. పలికేటప్పుడు మాత్రం 'నాంది' అన్నట్టు వినిపిస్తుంది. ఆ ఊరి పెద్దబజారు చివరికి వెళ్తే ఎదురుగా ఓ గోపురం! మన కాణిపాకం దారిలోనో, తిరుత్తణి దారిలోనో కనిపించాల్సిన గోపురం. రంగురంగుల బొమ్మలతో ఉన్న శివ సుబ్రహ్మణ్యస్వామి ఆలయమది. ఇక బోర్డులు చూస్తే నాయుడు, రెడ్డి, పిళ్లై, గౌండర్... ఊరి బయట కనుచూపు మేర చెరకు తోటలు.

చిత్తూరు జిల్లా వాసి ఎవరైనా అక్కడ ఓ క్షణం ఆగిపోవాల్సిందే. ఎక్కడి ఫిజీ, ఎక్కడి కుప్పం, ఎక్కడి పుంగనూరు! నడుమ దాదాపు 11 వేల కిలోమీటర్ల దూరం. అయినా ఆ తోటలకూ మన పల్లెలకూ నూరేళ్లు దాటిన సంబంధం ఉంది. దాన్ని వాళ్లింకా మరచిపోలేదు. మరచిపోయింది మనమే!

చేతులు మారిన దీవులు

ఫిజీని 1643లో డచ్చి నావికుడు అబెల్ టాస్మన్ దూరం నుంచి చూశాడు. 1774లో కెప్టెన్ కుక్ ఆ దరిదాపుల్లోకి వచ్చాడు. తర్వాత ఒకరి వెనక ఒకరుగా వర్తకులు దిగారు. మొదట గంధపు చెట్ల కోసం, అవి అయిపోయాక చైనా వంటకాల్లో వాడే సముద్రపు జీవుల కోసం, ఆ తర్వాత పత్తి సాగు కోసం. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల ప్రపంచానికి పత్తి కరువైతే, తెల్లదొరల చూపు ఈ దీవుల మీద పడింది.

చివరికి 1874 అక్టోబరు 10న లెవూకా పట్నంలో థకొంబౌ అనే పెద్ద దొర, తక్కిన దొరలూ కలిసి తమ దేశాన్ని బ్రిటన్ రాణికి రాసిచ్చేశారు. మర్నాటి ఏడాదే పొంగు పులుముకుంది. సిడ్నీ వెళ్లొచ్చిన థకొంబౌ పరివారంతోపాటు తట్టు జబ్బు ఓడ దిగింది. అంతకుముందెప్పుడూ ఆ రోగం ఎరుగని జనం అది. నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది ప్రాణాలు పోయాయి.

తొలి గవర్నర్లలో పేరు గడించిన సర్ ఆర్థర్ గోర్డన్ రెండు నిర్ణయాలు తీసుకున్నాడు. ఒకటి, ఫిజీవాసుల భూముల్ని అమ్మకూడదు, కొనకూడదు. రెండు, వాళ్లను తోటల్లో కూలీలుగా వాడకూడదు. వినడానికి చాలా మంచి నిర్ణయాలు. కానీ సర్కారు ఖర్చులకు డబ్బు కావాలిగా! దానికి తోటలు కావాలి. తోటలకు కూలీలు కావాలి. గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్‌లలో పనిచేసినవాడు. కూలీలు ఎక్కడ దొరుకుతారో ఆయనకు బాగా తెలుసు. భారతదేశంలో!

1879 మే 14న 'లియోనిడాస్' అనే ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలను దింపింది. ఆస్ట్రేలియా నుంచి కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ వచ్చి 1882లో నౌసోరిలో మిల్లు తెరిచింది. జనం నోట్లో దాని పేరు సీఎస్సార్. అప్పటినుంచి 1916 దాకా 87 ప్రయాణాల్లో 60 వేల మందికి పైగా భారతీయులు ఆ దీవులు చేరారు. తొలి ఇరవై నాలుగేళ్లూ ఓడలన్నీ కలకత్తా నుంచే. 1903లో మద్రాసు రేవు కూడా తెరుచుకుంది. అక్కడినుంచి వెళ్లినవాళ్లు 15 వేల పైచిలుకు.

పన్నెండణాల ఆశ

మద్రాసు నుంచి వెళ్లినవాళ్లు ఏ జిల్లాలవారు? విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, తంజావూరు, మలబారు, కోయంబత్తూరు... ఇలా చాలా ఉన్నాయి. వాటిలో ముందు వరసలో నిలిచేది ఉత్తర ఆర్కాటు. మనవాళ్లు ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. ఎందుకంటే ఆనాటి ఉత్తర ఆర్కాటుకు జిల్లా కేంద్రం మన చిత్తూరే! పుంగనూరు జమీ, కుప్పం ఉన్న కంగుంది జమీ ఆ జిల్లాలోనివే. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1911 ఏప్రిల్ 1న వీటన్నిటినీ కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటుచేశారు.

వానను నమ్ముకున్న మెట్ట పొలాలు. కురిస్తే వేరుశనగ, రాగి. కురవకపోతే అప్పు. పక్కనే రైలు. మద్రాసు దారిలోని జోలార్‌పేట నుంచి బెంగళూరుకు 1864లోనే పట్టాలు పడ్డాయి. అవి కుప్పం మీదుగానే వెళ్తాయి. బండెక్కితే మద్రాసు ఎంతో దూరం కాదు. సంతలోనో, సత్రం అరుగు మీదో కూలీలను కుదిర్చే ఏజెంటు ఎదురయ్యేవాడు. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. ఆనాటి మారకంలో పన్నెండణాలు, తొమ్మిదణాలు. ఊళ్లో రోజంతా వొళ్లు వంచినా నాలుగణాలు కళ్లజూడడం కష్టమైన రోజుల్లో ఈ మాట వింటే ఎవరి కాళ్లు ఆగుతాయి?

మద్రాసు డిపోలో డాక్టరు పరీక్ష. మేజిస్ట్రేటు ముందు వేలిముద్ర. ఆ కాగితాన్ని 'అగ్రిమెంటు' అన్నారు. జనం నోట్లో నలిగి నలిగి అది 'గిర్మిట్' అయింది. గిర్మిట్ మీద వెళ్లినవాళ్లు గిర్మిటియాలు. అయిదేళ్లు కంపెనీ చెప్పిన తోటలో పనిచేయాలి. ఆ తర్వాత సొంత ఖర్చుతో అయితే ఇంటికి రావచ్చు. పదేళ్లు ఉంటే సర్కారే ఓడ ఖర్చు పెట్టుకుంటుంది. ప్రతి వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలన్నది ఇంకో నిబంధన. అందుకోసం ఏజెంట్లు ఆడిన అబద్ధాలు ఇన్నీ అన్నీ కావు. పని దగ్గర్లోనే అని నమ్మి ఓడెక్కాక సముద్రాన్ని చూసి గొల్లుమన్నవాళ్లు ఎందరో!

పొగ ఓడలో నెల రోజుల ప్రయాణం. దారిలో కులం, వంటపొయ్యి, మడి అన్నీ కలిసిపోయేవి. ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఒకరికొకరు తోబుట్టువులయ్యేవాళ్లు. ఉత్తరాదివాళ్లు దాన్ని 'జహాజీ భాయి' అన్నారు. ఆ చుట్టరికం ఎంత గట్టిదంటే, వాళ్ల పిల్లల మధ్య పెళ్లి మాట ఎత్తడానికి కూడా పెద్దలు జంకేవారట.

రోజుకో 'కులంబర్'

సువా రేవుకు ఎదురుగా నుకులౌ అనే చిన్న దీవి ఉంది. ఇప్పుడు సువా జనం సెలవు రోజున పిల్లలతో వెళ్లే పిక్నిక్ చోటు. ఆనాడు గిర్మిటియాలు అడుగుపెట్టిన తొలి నేల అదే. అంటురోగాలు లేవని తేలేదాకా అక్కడే ఉంచేవారు. తర్వాత తోటలవారీగా పంపకాలు. ఒకే ఊరివాళ్లను కూడా వేర్వేరు తోటలకు పంపేసేవారు.

తోటలో ఇల్లంటే వరసగా కట్టిన షెడ్లలో ఒక గది. 'లైన్లు' అనేవారు. ఒక్కో గది పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ముగ్గురు మగవాళ్లకు ఒకటి, లేదా భార్యాభర్తలకూ పిల్లలకూ కలిపి ఒకటి. గదుల మధ్య గోడ కప్పు దాకా ఉండేది కాదు. ఒక గదిలో పొయ్యి వెలిగిస్తే పొగ పది గదులకూ పాకేది. ఒక ఇంట్లో పోట్లాట పది ఇళ్లకూ వినిపించేది.

తెల్లారకముందే పిలుపు. ఓవర్సీరు కూలీలను పేరుతో కాదు, నంబరుతో పిలిచేవాడు. 'కాల్ నంబర్' అన్న ఆ కేకలోంచే ఓవర్సీరుకు 'కులంబర్' అనే పేరు పుట్టింది. ఫిజీ హిందీలో ఆ మాట ఇప్పటికీ ఉంది. పన్నెండణాలు కూడా రోజుకు కాదు, 'టాస్కు'కు. ఇన్ని గజాల సాలు తవ్వాలని కులంబర్ కొలిచి ఇచ్చేవాడు. పొద్దు గుంకేలోగా అది పూర్తికాకపోతే కూలి కోత. పనికి రాకపోతే కోర్టు, జరిమానా, జైలు. అయిదేళ్లు ఎప్పుడు తీరతాయా అని రోజులు లెక్కపెట్టుకుంటూ బతికినవాళ్లు ఆ లైన్లకు పెట్టుకున్న పేరు ఒక్కటే... నరకం.

మద్రాసు నుంచి వెళ్లినవాళ్లకు ఇంకో కష్టం. పాతికేళ్ల ముందే పాతుకుపోయిన ఉత్తరాది కూలీలకు హిందుస్తానీ వచ్చు. సర్దారులకూ, దొరలకూ అదే వచ్చు. తెలుగు, తమిళం ఎవరికీ రావు. చెప్పింది అర్థంకాక తిన్న దెబ్బలు ఎన్నో! పనిలో తెలుగువాడు, తమిళుడు, మలయాళీ అందరికీ ఒకటే పేరు... 'మద్రాసీ'. సొంత మాట వినిపించని చోట, సొంత మనిషి కనిపించని చోట ఉరితాడు పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. భారతీయ కూలీలున్న వలస దేశాలన్నిటిలోనూ ఆత్మహత్యలు ఎక్కువ జరిగింది ఫిజీలోనే.

మదనపల్లెకూ ఒక ముడి

ఈ సంగతి లోకానికి తెలియజేసినవాళ్లలో ఇద్దరు ఇంగ్లిషువాళ్లున్నారు. సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్. ఇద్దరూ శాంతినికేతన్‌లో ఉండేవారు. విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్‌కు సన్నిహితులు. 1915లో ఇద్దరూ ఫిజీ వెళ్లి, లైన్లన్నీ తిరిగి, చూసింది చూసినట్టు రాశారు. అంతకు ముందే 1912లో గోపాలకృష్ణ గోఖలే ఈ విధానాన్ని రద్దుచేయాలని కేంద్ర శాసనమండలిలో తీర్మానం పెట్టి ఓడిపోయారు. ఫిజీలో ఇరవయ్యొక్కేళ్లు గడిపి వచ్చిన తోతారాం సనాఢ్య 1914లో తన అనుభవాలను హిందీలో పుస్తకంగా తెచ్చారు. దేశం అట్టుడికిపోయింది. 1916లో మదన్‌మోహన్ మాలవీయ పెట్టిన తీర్మానానికి వైస్రాయి హార్డింజ్ తలవంచక తప్పలేదు. 1917లో కూలీలను పంపడం ఆగింది. ఆడవాళ్ల మాన ప్రాణాలకు రక్షణ లేని ఈ వ్యాపారాన్ని ఆపి తీరాలని ఆ ఏడాదే అలహాబాదు సభలో సరోజినీ నాయుడు గర్జించారు. ఆండ్రూస్ మళ్లీ ఫిజీ వెళ్లారు. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి.

దానికి ఏడాది ముందు, 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు. 'జనగణమన'ను అక్కడే ఇంగ్లిషులోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ సాయంతో దాని స్వరాలు రాయించింది కూడా అక్కడే. మదనపల్లె పిల్లలందరికీ తెలిసిన కథే ఇది. తెలియని సగం ఇంకోటుంది. మన కళాశాల ఆవరణలో ఆ పాట మోగుతున్న రోజుల్లో, పక్క తాలూకాల నుంచి వెళ్లిన మనుషులు ఫిజీ తోటల్లో ఇంకా గిర్మిట్ కిందే ఉన్నారు. వాళ్లను విడిపించడానికి తిరిగిన మనిషి ఆ కవికి ప్రాణమిత్రుడే!

ఏమేం చూడొచ్చు?

ఇంత కన్నీటి కథ వెనకున్నా ఫిజీ చూడముచ్చటైన దేశం. పెద్ద దీవి వీటి లేవు. రెండోది వనువా లేవు. రాజధాని సువా పెద్ద దీవికి తూర్పున ఉంది. అక్కడ వాన ఎక్కువ. పడమటి వైపున్న నాంది, లౌటోకాల్లో ఎండ ఎక్కువ. పర్యాటకులూ అటే ఎక్కువ.

నాంది నుంచి పడవెక్కితే మమనూకా, యసావా దీవులు. చుట్టూ తెల్లటి ఇసుక, నడుమ కొబ్బరిచెట్లు, అడుగున పగడాల తోటలు. టామ్ హ్యాంక్స్ ఒంటరిగా చిక్కుకుపోయే 'కాస్ట్ అవే' సినిమా తీసింది ఇక్కడి మొనురీకి దీవిలోనే. దక్షిణ తీరాన సింగటోకా ఇసుక దిబ్బలున్నాయి. ఫిజీలో తొలి జాతీయ పార్కు అదే. తవేయుని దీవి మీదుగా 180 డిగ్రీల రేఖాంశం పోతుంది. దాని మీద నిలబడి ఫొటో దిగడం అక్కడికి వెళ్లినవాళ్లకు సరదా!

చరిత్ర కావాలనుకునేవాళ్లు లెవూకా వెళ్లాలి. దేశాన్ని రాసిచ్చిన తొలి రాజధాని అదే. కొండకూ సముద్రానికీ మధ్య ఇరుగ్గా ఉండడంతో 1882లో రాజధానిని సువాకు మార్చేశారు. దాంతో లెవూకాలో కాలం ఆగిపోయింది. చెక్కతో కట్టిన పాత కొట్లు, చర్చిలు, సముద్రపు గట్టు అలాగే ఉన్నాయి. 2013లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సువాలో మ్యూజియం చూసి తీరాలి. పాత పడవలు, దొరల గదలతోపాటు 1867లో హత్యకు గురైన థామస్ బేకర్ అనే మత ప్రచారకుడికి సంబంధించిన వస్తువులు కూడా అక్కడున్నాయి. 1914లో కట్టిన గ్రాండ్ పసిఫిక్ హోటల్ తెల్లగా మెరుస్తూ సముద్రాన్ని చూస్తుంటుంది.

లౌటోకాకు 'చక్కెర నగరం' అని పేరు. 1903లో మొదలైన మిల్లు ఇక్కడుంది. మద్రాసు నుంచి తొలి ఓడ వచ్చిందీ ఆ ఏడాదే. చెరకు నరికే కాలంలో సన్నటి పట్టాల మీద చెరకు బళ్లు లాక్కెళ్లే బుజ్జి రైళ్లు కనిపిస్తాయి. సీఎస్సార్ కంపెనీ 1973లో ఫిజీ వదిలి వెళ్లింది. పట్టాలు, మిల్లులు, తోటలు మిగిలాయి. ఆ తోటల గట్ల మీద నడిస్తే కాస్త కాచిన రసం వాసన. చిత్తూరు బెల్లం వండే చోట వచ్చే వాసనే!

ఇక ఏ ఊరెళ్లినా తప్పనిది 'యంగోనా'. మిరియాల జాతి మొక్క వేరును దంచి నీళ్లలో పిసికి, కొయ్య తొట్టిలోంచి కొబ్బరిచిప్పతో అందిస్తారు. చప్పట్లు కొట్టి అందుకోవాలి. తాగితే నాలుక మొద్దుబారుతుంది. బురదనీళ్లలా ఉందని మొహం చిట్లించారో, పరువు పోతుంది!

రెండు నిప్పుల నడకలు

ఫిజీలో నిప్పుల మీద నడిచే ఆచారాలు రెండున్నాయి. బెంగా దీవిలోని సవావు తెగవాళ్లు కాలిన రాళ్ల మీద నడుస్తారు. అది వాళ్ల సొంత సంప్రదాయం. రెండోది మనది. జులై, ఆగస్టు నెలల్లో సువాలోని మారెమ్మ గుడి దగ్గర భక్తులు పది రోజులు కఠినమైన నియమంలో ఉంటారు. పసుపు బట్టలు కడతారు, శరీరానికి శూలాలు గుచ్చుకుంటారు. చివరి రోజున కణకణలాడే బొగ్గుల మీద నడుస్తారు.

కుప్పం గంగమ్మ జాతర చూసినవాళ్లకు, పుంగనూరు సుగుటూరు గంగమ్మకు మొక్కినవాళ్లకు, భారతం జరిగే ఊళ్లలో చివరి రోజున ద్రౌపదమ్మ అగ్నిగుండం తొక్కినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. వేపమండలు అవే, పసుపూ అదే. ఓడలో మూట కట్టుకెళ్లడానికి ఆ కూలీల దగ్గర ఆస్తుల్లేవు. అమ్మవారు మాత్రం వెంట వెళ్లింది. వీధి భాగోతం కూడా వెళ్లింది. లైన్లలో పని లేని రాత్రుళ్లు కూలీలే వేషాలు కట్టి ఆడేవారు.

సంగం నిలబెట్టింది

గిర్మిట్ తీరాక దేశంలో ఉన్న భారతీయులందరిలో సుమారు 24 వేల మంది తిరిగి వచ్చేశారు. తక్కినవాళ్లు అక్కడే ఉండిపోయారు. ఫిజీవాసుల దగ్గర, కంపెనీ దగ్గర భూమి కౌలుకు తీసుకుని చెరకు వేశారు. బడులు లేకపోతే వాళ్లే కట్టుకున్నారు. సాధు స్వామిగా పేరుపొందిన కుప్పుస్వామి నాయుడు పూనికతో 1926లో నాందిలో 'తెన్నిందియ సన్మార్గ ఐక్య సంగం' పుట్టింది. దక్షిణాది వాళ్లందరికీ అదే పెద్దదిక్కు. 1939లో రామకృష్ణ మిషన్ నుంచి స్వామి రుద్రానంద వచ్చి దాన్ని ముందుకు నడిపారు. ఇవాళ ఇరవైకి పైగా బడులు, లంబాసాలో నర్సింగ్ కాలేజీ దాని చేతిలో ఉన్నాయి. ఈ బడుల్లో ఫిజీవాసుల పిల్లలూ చదువుకుంటారు. ఏటా ఈస్టర్ సెలవుల్లో జరిగే సంగం సమావేశాలు, ఫుట్‌బాల్ పోటీలు దేశమంతటికీ పండగే.

తెలుగుకు ప్రత్యేకంగా చోటుండాలని 1941లో 'దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం' విడిగా ఏర్పడింది. బడులు పెట్టింది, తెలుగు నేర్పింది. అయినా పొలంలో, బజారులో, పెళ్లిలో హిందీయే నడిచే చోట ఇంటి భాష ఎన్ని తరాలు నిలబడుతుంది? తాతకు తెలుగు. తండ్రికి అర్థమవుతుంది. మనవడికి పాటలో వినిపిస్తుంది. మునిమనవడికి పేరు చివర మాత్రం మిగిలింది!

ఆ పేరైనా చూడండి. ఫిజీలో 'యెంకటయ్య', 'యెంకట్‌సామి' అని రాసుకునేవాళ్లు కనిపిస్తారు. గుమాస్తా తప్పు రాశాడనుకుంటాం. తప్పు కాదు! మన పల్లెల్లో వెంకటేశును 'యెంకటేశు' అనేగా పిలిచేది! ఆ గుమాస్తా చెవికి వినిపించింది వినిపించినట్టే రాశాడు. వందేళ్ల కిందటి మన మాట యాస ఆ దీవుల్లో ఓటరు జాబితాల్లో పదిలంగా ఉంది.

ఉన్న ఊరు ఎవరిది?

1970 అక్టోబరు 10న ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చింది. రాసిచ్చిన రోజుకు సరిగ్గా 96 ఏళ్లు. అప్పటికి జనాభాలో దాదాపు సగం మంది భారతీయులు. కానీ భూమి వాళ్లది కాదు. గోర్డన్ వేసిన ముడి అలాగే ఉంది. నూటికి ఎనభైకి పైగా భూమి ఫిజీ తెగలదే. మూడు తరాలు దున్నినా కౌలు కౌలే. తమ నేల తమకు కాకుండా పోతుందని ఫిజీవాసుల భయం. నాటిన చేతికి నేల లేదని వీళ్ల బాధ. రెండూ నిజమే! ఇద్దరినీ అలా నిలబెట్టిన దొర మాత్రం ఎప్పుడో ఓడెక్కి వెళ్లిపోయాడు.

1987 మే 14న, లియోనిడాస్ వచ్చిన తేదీనే, లెఫ్టినెంట్ కర్నల్ రబూకా సైనిక తిరుగుబాటు చేశాడు. భారతీయుల మద్దతుతో ఏర్పడిన ప్రభుత్వాన్ని కూలదోశాడు. విచిత్రం ఏమిటంటే, పదేళ్ల తర్వాత అదే రబూకా, ప్రతిపక్ష నేత జయరాం రెడ్డి కలిసి కూర్చుని 1997లో కొత్త రాజ్యాంగాన్ని తెచ్చారు. ఫిజీ దొరల మహాసభలో మాట్లాడే గౌరవం దక్కిన తొలి భారత సంతతి నాయకుడు జయరాం రెడ్డే. తర్వాత రువాండా మారణకాండపై విచారణ జరిపిన అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆయన న్యాయమూర్తిగా పనిచేశారు. 2022లో కన్నుమూశారు.

ఆ సయోధ్య ఎక్కువ కాలం నిలవలేదు. 2000 మే 19న మహేంద్ర చౌదరి ప్రభుత్వాన్ని జార్జి స్పైట్ ముఠా బందీగా పట్టుకుంది. తర్వాత స్పైట్‌ను ఎక్కడ ఖైదు చేశారో తెలుసా? గిర్మిటియాలు తొలిసారి అడుగుపెట్టిన ఆ నుకులౌ దీవిలోనే! కౌళ్లు తీరిపోయి, భయం పెరిగి వేల కుటుంబాలు ఆస్ట్రేలియాకూ, న్యూజిలాండ్‌కూ, కెనడాకూ వెళ్లిపోయాయి. 2007 లెక్కల ప్రకారం భారత సంతతి వాటా 37.5 శాతానికి తగ్గింది. తాతలు ఒకసారి వదిలారు ఊరు. మనవళ్లు రెండోసారి వదిలారు.

కాలం తిరిగింది. 2022 చివర్లో రబూకా మళ్లీ ప్రధాని అయ్యారు. 2023 మే 14న సువాలో జరిగిన సభలో 1987 నాటి పనికి బహిరంగంగా క్షమాపణ కోరారు. మర్నాడు మే 15న గిర్మిట్ దినాన్ని ఫిజీ మొట్టమొదటిసారి దేశమంతా సెలవు దినంగా జరుపుకొంది.

కాగితంలో ఊరి పేరు

ఇక మిగిలింది మన వంతు.

ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక ఎమిగ్రేషన్ పాస్ ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, పుట్టుమచ్చ, కులం, జిల్లా, తాలూకా, ఊరు... అన్నీ అందులో రాసి ఉంటాయి. ఫిజీ ప్రభుత్వం వాటిని భద్రపరిచింది. ఇవాళ నాలుగో తరం, అయిదో తరం పిల్లలు ఆ పాసుల నకళ్లు తీసుకుని ముత్తాత ఊరు వెతుక్కుంటూ ఇండియా వస్తున్నారు.

వాళ్లకు ఎదురయ్యే చిక్కేమిటో మనకే బాగా అర్థమవుతుంది. పాస్‌లో 'నార్త్ ఆర్కాట్' అని ఉంటుంది. పటం తీసి చూస్తే ఆ పేరుతో ఇప్పుడు జిల్లాయే లేదు. ఎవరినైనా అడిగితే తమిళనాడులోని వేలూరు వైపు చూపిస్తారు. 1911కు ముందు వెళ్లిన మనిషి ఊరు చిత్తూరు వైపే ఉండి, ఇవాళ రాష్ట్రమే మారిపోయి ఉండొచ్చు. తాలూకా చోట 'కంగుంది' అని ఉంటే అది కుప్పమని బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఊరి పేరులో రెండక్షరాలు తారుమారై ఉంటాయి. దాన్ని పైకి చదివితే గుర్తుపట్టగలిగేది అక్కడ పుట్టి పెరిగిన పెద్దవాళ్లే.

ద్రావిడ భాషలు, సంస్కృతుల కోసం 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. ఫిజీ పాసుల్లోని ఊళ్ల పేర్లను మన పాత రెవెన్యూ లెక్కలతో సరిపోల్చే పనికి అంతకన్నా తగిన చోటు ఏముంటుంది? అది చేయాల్సినవాళ్లు చేసేలోగా ఇంట్లో చేయగలిగిందీ ఉంది. అవ్వతాతలను ఒక్క మాట అడిగి చూడండి. మన వంశంలో ఎవరైనా మద్రాసు పోయి తిరిగిరాలేదా? ఫలానా చిన్నాయన ఓడెక్కి పోయినాడని, ఆయన వాటా భూమి అన్నదమ్ములే దున్నుకున్నారని ఎవరైనా చెప్పగా విన్నారా? ఆ పేరు, తండ్రి పేరు ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే చాలు.

ఎందుకంటే ఇలాంటి కాగితమే ఒకటి సముద్రానికి అవతలా ఉంది. అందులో మన ఊరి పేరుంది. రెండు కాగితాలూ ఏదో ఒక రోజు ఒకే బల్ల మీదకు చేరితే, వందేళ్ల కిందట రైలెక్కిన మనిషి ఇల్లు చేరినట్టే.